బస్సు బోర్డు చూసి రాసిన ఊరు

శనివారం పొద్దున ఐదున్నరకు గుంటూరు బస్టాండులో వినుకొండ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ప్రయాణం మొదలుకాకముందే అలిసిపోయాను. ఇంటి నుంచి బస్టాండుకి రెండు మైళ్లే, అదీ ఆటోలోనే వచ్చాను. కానీ ఒళ్లో పెట్టుకున్న ప్రెస్సు బరువంతా మోకాళ్ల మీద పడుతోంది. ప్రెస్సంటే చెక్క పట్టీలతో చేసిన రెండు పలకలు, మధ్యలో ఒక దొంతర పాత న్యూస్‌పేపర్లు, చుట్టూ బిగించే రెండు బెల్టులు. కోసిన కొమ్మల్ని ఆ కాగితాల మధ్య పరిచి, నొక్కి ఆరబెడతారు. ఆరిన కొమ్మను దళసరి కాగితం మీద కుట్టి, కింద కుడి మూల ఒక చీటీ అంటించి, బీరువాలో దాస్తారు. చీటీ మీద మొక్క పేరు, దొరికిన ఊరు, కోసిన తేదీ, కోసినవాళ్ల పేరు ఉంటాయి. మొత్తాన్నీ కలిపి షీటు అంటాం. ముప్ఫై ఏళ్లు నేను చేసిన పని ఇదే.

నా పేరు మస్తాన్. గుంటూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిపార్టుమెంటుకి అటెండరుగా చేసి, అప్పటికి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. నాతో వస్తున్నది పద్మజగారు. మా కాలేజీలోనే డిగ్రీ చదివి, అక్కడే లెక్చరరుగా చేరి, గుంటూరు జిల్లా అడవి పొదల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. టిక్కెట్లు ఆవిడే తీశారు, మనిషికి ముప్ఫై మూడు రూపాయలు. నేను జేబులో చెయ్యి పెట్టబోతే, "ఊరుకోండి మస్తాన్ గారూ, నా పని మీద వస్తూ మీరు పెట్టుకోవడం ఏంటి?" అన్నారు. ఆ మాటకి నాకు ఇంకా నీరసం వచ్చింది.

మేం వెతకబోతున్న పొద పేరు నులితాడ. పుస్తకాల్లో హెలిక్టెరిస్ ఐసోరా అని ఉంటుంది. పెద్ద చెట్టు కాదు, మనిషికి రెండింతల ఎత్తు దాటడం అరుదు. మొదట్లోంచే ఏడెనిమిది కొమ్మలు లేస్తాయి. ఆకు వెడల్పుగా, తాకితే గరుకుగా, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. పువ్వు విచ్చినప్పుడు ఎర్రగా ఉండి, వాడే వేళకి సీసం రంగుకి తిరుగుతుంది. కాయను మాత్రం ఒకసారి చూస్తే జన్మలో మరిచిపోరు. ఐదు సన్నటి కాయలు ఒకదాని చుట్టూ ఒకటి తాడు పేనినట్టు మెలితిరిగి ఒకే కాయగా ఉంటాయి. వరసకి చూస్తే పత్తికి దూరపు చుట్టం. కానీ పత్తిచేలతో నిండిన మా జిల్లాలో ఈ చుట్టం ఎక్కడుందో చెప్పేవాళ్లే కనబడలేదు. జిల్లాలో దొరికిందనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం మా కాలేజీ బీరువాలోని షీటు. దాని మీది చీటీ: "వినుకొండ కొండ, మార్చి పన్నెండు." వేసిన సంవత్సరం ఇరవై ఏళ్ల కిందటిది. చేతిరాత నాది.

పద్మజగారికి చెప్పలేకపోయిన సంగతి మీకు ముందే చెప్పేస్తాను. ఆ ఊరూ అబద్ధమే, ఆ తేదీ కూడా అబద్ధమే.

బీఎస్సీ ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాక్టికల్ పరీక్షకి తలా ముప్ఫై షీట్లు చూపించాలి. బుద్ధిమంతులు ఏడాది పొడుగునా తిరిగి మొక్కలు పోగుచేసుకునేవాళ్లు. మిగతావాళ్లు ఫిబ్రవరి ఆఖర్లో నా దగ్గరికొచ్చి, "మస్తాన్ గారూ, మీరే దిక్కు" అనేవాళ్లు. నేను బీరువా అడుగు నుంచి పాత షీట్లు తీసి, చీటీల మీద తడిగుడ్డ వేసి నానబెట్టి, మెల్లగా ఊడదీసి, కొత్త చీటీలు రాసి అంటించేవాణ్ణి. కోసిన తేదీ పరీక్షకి వారం పది రోజుల ముందుది వేసేవాణ్ణి. ఊరి పేర్లకే ఇబ్బంది. ముప్ఫై షీట్లకీ ఒకే ఊరు రాస్తే ఎగ్జామినరు పట్టుకుంటాడు. అందుకని సాయంత్రం ఇంటికి పోతూ బస్టాండులో ఆగి, బస్సుల బోర్డులు చూసి ఊళ్లు రాసుకునేవాణ్ణి. సత్తెనపల్లి, పొన్నూరు, మాచర్ల, దర్శి, పొదిలి, వినుకొండ. ఒకసారి వేటపాలెం ఇసుకలో పాకే తీగను మాచర్ల కొండల్లో దొరికిందని రాశాను. ఎగ్జామినరు దాన్ని చూసి, "చేతిరాత ముత్యాల్లా ఉందయ్యా" అని వెళ్లిపోయాడు. నాకు దక్కేది క్యాంటీనులో ప్లేటు ఇడ్లీ, కాఫీ. పరీక్షలయ్యాక మంచి షీట్లను మళ్లీ బీరువాలో సర్దేవాళ్లం. అవి తర్వాత ఎవరైనా నమ్మి చదువుతారని నాకెప్పుడూ తట్టలేదు. పరీక్ష అయిపోయింది, కాగితం పని తీరింది అనుకున్నాను.

పద్మజగారు విద్యార్థిగా ఉన్నప్పుడు నా దగ్గరికి రాని కొద్దిమందిలో ఒకరు. చేతుల నిండా ముళ్ల గీతలతో, చీరకొంగుకి పల్లేరుకాయలు అంటించుకుని, ముప్ఫై షీట్లూ తనే తెచ్చుకున్న పిల్ల ఆవిడ. ఈ ప్రయాణానికి పది రోజుల ముందు ఆ షీటు జిరాక్సు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మా ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు.

"చూశారా మస్తాన్ గారూ, మార్చిలో పువ్వులతో ఉంది. పుస్తకాలన్నీ వానాకాలంలో పూస్తుందంటాయి. మన జిల్లాలో ఎండాకాలం మొదట్లోనూ పూస్తుందన్నమాట. ఇది ఎవరూ రాయలేదండీ. నాలుగేళ్ల పనిలో నాదంటూ చెప్పుకునే మాట ఇదొక్కటే." తర్వాత ఇంకో మాట అన్నారు. "చేతిరాత మీదే కదా. చోటు మీకు గుర్తుండే ఉంటుంది. ఒకసారి చూపిస్తారా?"

"గుర్తుంది లేమ్మా" అన్నాను. మా ఆవిడ నా మొహం వంక చూసింది. ఆవిడకి నా అబద్ధాలు తెలుస్తాయి.

ఇదీ నేను ఆ బస్సెక్కిన కారణం. అల్లా దయవల్ల ఆ పొద నిజంగానే వినుకొండ కొండ మీద ఉండాలని, నా అబద్ధం దానంతటదే నిజమైపోవాలని నా ఆశ. పేరేచర్ల దాటేదాకా మనసులో అదే అనుకుంటూ కూర్చున్నాను.

ఏడు గంటలకి నరసరావుపేట. పద్మజగారు ముందు సీట్లో ఉన్నారు; అక్కడొక రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో చిన్న గోతం, అందులో శాంపిలుకి తీసుకెళ్తున్న ఎండుమిరప. పది నిమిషాల్లో బస్సంతా తుమ్ములు, దగ్గులు. కండక్టరు కూడా టిక్కెట్టు చింపుతూ తుమ్మాడు. రైతు ఏమీ ఎరగనట్టు నా ఒళ్లోని ప్రెస్సు వంక చూసి, "ఏందయ్యా అది, పందికొక్కుల బోనా?" అని అడిగాడు.

"కాదు, మొక్కలు పెట్టేది."

"మొక్కలా? మా చేలో పత్తి మొత్తం ఎండింది, తీసుకుపో. పురుగు కూడా ఉచితం" అని పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక చాలాసేపు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. బయట ఏరేసిన పత్తి మోళ్లు, దూరంగా కళ్లాల్లో ఎర్రగా పరిచిన మిరప. సంతమాగులూరు దగ్గర దిగుతూ, "వెళ్లొస్తానమ్మా, మొక్కలు జాగ్రత్త" అన్నాడు పద్మజగారితో.

వినుకొండ చేరేసరికి తొమ్మిది కావస్తోంది. బస్టాండుకి ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాం. బాగానే ఉంది గానీ చట్నీలో కారం తట్టుకోవాలి. పక్క సందులో లాడ్జి. రెండు వేరు వేరు గదులు తీసుకున్నాం. నా గదిలో ఫ్యాను తిరిగినప్పుడల్లా గోడ మీది క్యాలెండరు కొట్టుకుంది. మంచినీళ్లకి బిందె, గ్లాసు పెట్టారు. ఇంతకంటే ఏం కావాలి?

తొమ్మిదిన్నరకి కొండెక్కడం మొదలుపెట్టాం. ఊరికి ఆనుకునే ఉంది. మీది గుడికి జనం పోయే దారి వదిలేసి, బండల పక్కగా నడిచాం. పద్మజగారు ముందు, నేను వెనక. ప్రతి పొద దగ్గరా ఆగి, ఆకు తుంచి, వాసన చూసి పుస్తకంలో రాసుకుంటున్నారు. తంగేడు, బలుసు, పరికి, బందారు, కంచెల నిండా సర్కారు తుమ్మ. ఎక్కడ చూసినా రాయి, ఎండ, మేకలు కొరికి వదిలిన మోళ్లు. నులితాడకి కాస్త నీడ కావాలి, పెద్ద చెట్ల కింద రాతిమట్టి కావాలి. ఇక్కడ పెద్ద చెట్లే లేవు.

"ఏ వైపండీ?" అని అడిగారు.

నేను చెయ్యెత్తి పడమర వైపు చూపించాను. అక్కడ లేదు. తర్వాత దక్షిణం వైపు చూపించాను. అక్కడా లేదు. ఒంటిగంటకి మోకాలు వంగనంది. బండ మీద కూర్చుండిపోయాను. పద్మజగారు తన సీసాలో నీళ్లు నాకిచ్చి, "ఇరవై ఏళ్లయింది కదా, నరికేసి ఉంటారు. మీరేం బాధపడకండి" అన్నారు. నా మీద కోప్పడి ఉంటే బాగుండేది.

కిందికి దిగి భోజనం చేశాం. పప్పు, గోంగూర, పల్చటి మజ్జిగ. మూడింటికి మళ్లీ వెళ్లి కొండ వెనక భాగం చూశాం. ఐదున్నర దాకా తిరిగినా ఏమీ దొరకలేదు. లాడ్జికొచ్చి కాళ్లకి వేడినీళ్లు పోసుకుని పడుకున్నాను. పక్కగదిలో పద్మజగారు ఎస్టీడీ బూత్ నుంచి తెచ్చిన చిల్లర లెక్కపెట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. అంతకుముందు బూత్‌లో ఫోనులో ఎవరితోనో, "రేపొక్క పూట చూసి వస్తాను. లేకపోతే థీసిస్‌లో ఆ పేజీ తీసేస్తాను" అంటుంటే విన్నాను. ఆ పేజీ తీసేస్తే నేను గట్టెక్కుతాను, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే నాకు ఒళ్లు తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది కూడా.

ఆదివారం ఆరున్నరకి టీ తాగుదామని బస్టాండు పక్కకొచ్చాం. అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు కట్టెల మోపులు దించుకుని హోటళ్లకి అమ్ముకోవడానికి కూర్చున్నారు. నేను గ్లాసు ఊదుకుంటూ ఒక మోపు వంక చూశాను. చూశాక టీ తాగడం మరిచిపోయాను.

మోపు చుట్టిన తాడు కొన్న తాడు కాదు. పచ్చి పట్ట ఒలిచి పేనిన నార. కూర్చుని వేలితో రుద్దాను. మెత్తటి నూగు వేలికి అంటింది. ఈ పట్టను నేను ఇదివరకు పట్టుకున్నాను. చాలా ఏళ్ల కిందట, ఇప్పుడు లేని మా పాత హెడ్డుగారితో పక్క జిల్లాలోని దోర్నాల ఘాటు రోడ్డుకి మొక్కల కోసం వెళ్లాను. ఆగస్టు నెల, ఒకటే వాన. ప్రెస్సు బెల్టు తెగిపోయింది. హెడ్డుగారు రోడ్డు పక్క పొద నుంచి పట్ట ఒలిచి, తొడ మీద పేని, ప్రెస్సు కట్టేశారు. అదే పొద నుంచి పూలున్న కొమ్మ నేను కోశాను. బీరువాలోని షీటు ఆ కొమ్మే. దాని అసలు చీటీని తడిగుడ్డతో ఊడదీసి పారేసింది కూడా నేనే.

ఊరుకుంటే సరిపోయేది. ఆ పూట ఇంకోసారి వెతికి, మధ్యాహ్నం బస్సుకి గుంటూరు వెళ్లిపోయేవాళ్లం. కానీ చెయ్యి ఆ నారని పట్టుకున్నాక నోరు ఆగలేదు.

"అమ్మా, పద్మజమ్మా, ఇది నులితాడ" అని అరిచాను.

మోపు తాలూకు మనిషి, పేరు తిరుపతమ్మట, నన్ను అనుమానంగా చూసింది. "ఏందయ్యా, కట్టెలు కొంటావా, తాడు కొంటావా?"

"ఈ నార ఎక్కడిది తల్లీ?"

"అడివిలోది. మా ఊరి పైన కొండల్లో. మోపులన్నీ దాంతోనే కడతాం. మెలికల కాయ కాస్తది, ఆ చెట్టు."

పద్మజగారు బ్యాగులోంచి జిరాక్సు తీసి చూపించబోయారు. తిరుపతమ్మ కాగితం చూడనే లేదు. "బొల్లాపల్లి బస్సు ఎనిమిదింబావుకి. నేనూ దానికే పోతా. మోపు అమ్ముడుపోతే" అంది. మోపు పద్మజగారే కొని, టీకొట్టాయనకి ఇచ్చేశారు. ఆయన ఆశ్చర్యపోయి మా టీలకి డబ్బులు తీసుకోలేదు.

బొల్లాపల్లి బస్సులో నిలబడే వెళ్లాం. అక్కడి నుంచి ఆటో, ఆ తర్వాత గంట నడక. వెళ్లదలచుకున్నవాళ్లు నీళ్లు తప్పకుండా తీసుకెళ్లండి, దారిలో చేతిపంపు ఒక్కటే ఉంది. ఫారెస్టువాళ్లకి చెప్పి వెళ్లండి. పద్మజగారి దగ్గర కాలేజీ ఉత్తరం ఉంది కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు. చేలు అయిపోయాక నేల ఎర్రబడి, గులకరాళ్లు మొదలవుతాయి. నాకు ప్రతి పది అడుగులకీ ఆగాల్సి వచ్చింది. తిరుపతమ్మ ప్రెస్సు నా దగ్గర లాక్కుని నెత్తిన పెట్టుకుంది. "ఇదేం బరువయ్యా, నీ మొహం చూస్తే ఇందులో రాళ్లున్నాయనుకున్నా" అంది.

పదకొండున్నరకి కొండ మొదట్లో, ఎండిన వాగు పక్కన చూశాం. ఒకటి కాదు, వాగు పొడుగునా ఉన్నాయి. పెద్ద చెట్ల నీడలో, రాళ్ల సందుల్లోంచి, నరికిన ప్రతి మోడు నుంచీ గుత్తులుగా చువ్వలు లేచాయి. ఆకులు చాలావరకు రాలిపోయాయి, మిగిలినవి పసుపెక్కాయి. కొమ్మల నిండా మెలితిరిగిన ఎండుకాయలు. పద్మజగారు ఒక కాయ కోసి అరచేతిలో పెట్టుకుని, మెలికలు వేలితో తడిమి చూశారు. తర్వాత, "ఇది గుంటూరు జిల్లాయే కదండీ?" అన్నారు, తెలిసి కూడా.

"గుంటూరు జిల్లాయేనమ్మా."

"వినుకొండకి దగ్గరే. మీరు దగ్గరి టౌను పేరు రాసి ఉంటారు. చీటీ తప్పు కాదండీ, అంతే." నవ్వు ఆపుకోలేకపోతున్నారు. నా అబద్ధానికి ఆవిడే దారి వేసిచ్చారు. నేను తలూపితే చాలు. నిజం చెప్పొద్దూ, తలూపాను కూడా.

ఆవిడ కొమ్మ చివర్లు ఒక్కొక్కటీ పట్టి చూడటం మొదలుపెట్టారు. మొగ్గ ఎక్కడా లేదు. "మార్చి పన్నెండుకి ఇంకా నెల ఉంది. అప్పటికి వస్తాయి" అన్నారు.

రాయి మీద కూర్చున్న తిరుపతమ్మ కలగజేసుకుంది. "ఏంది వచ్చేది, పువ్వా? వానలప్పుడు గదమ్మా పూసేది! ఎండల్లో ఈ చెట్టుకి ఆకే ఉండదు."

"కాదమ్మా, మార్చిలో పూసిన కొమ్మ మా దగ్గరుంది. చీటీ ఉంది."

"ఏమో, చిన్నప్పటి నుంచి చూస్తన్నా, నాకైతే కనపళ్లా."

పద్మజగారు నా వైపు తిరిగారు. "మార్చిలో వారం సెలవు పెట్టి ఇక్కడే ఉంటాను మస్తాన్ గారూ. రోజూ చూస్తాను. పూసేదాకా కదలను."

పూయని చెట్టు కింద, మార్చి ఎండలో, నా మాట నమ్ముకుని ఆవిడ వారం రోజులు కూర్చోవడం నా కళ్లకి కట్టింది. అంతకు మించి నేను మోయలేకపోయాను.

"రావొద్దమ్మా. పూయదు. ఆ తేదీ నేను వేసింది."

"రాసింది మీరేనని తెలుసండీ."

"రాయడం కాదమ్మా, పుట్టించాను. ఊరు కూడా. పరీక్షలకి పిల్లలకి షీట్లు తయారుచేసిచ్చేవాణ్ణి. వినుకొండ బస్సు బోర్డు చూసి రాశాను."

మొత్తం చెప్పేశాను. దోర్నాల, ఆగస్టు, తడిగుడ్డ, అన్నీ. ఆవిడ మెల్లగా వాగు ఒడ్డున కూర్చున్నారు. కాయ ఇంకా చేతిలోనే ఉంది. తిరుపతమ్మ కంగారుపడి లేచి, "ఏమైందమ్మా? కాల్లో ముల్లు దిగిందా?" అంది.

పద్మజగారు నన్ను అడిగారు. "నిన్నంతా కొండ మీద నాతో తిరిగారు. ఉంటుందనుకునే తిరిగారా?"

"ఉంటే బాగుండునని తిరిగానమ్మా."

"ఇంకెన్ని ఉన్నాయండీ అలాంటివి, మన బీరువాల్లో?"

నాకు తెలియదు. అదే చెప్పాను. ఆవిడ మొహం చూడలేక నేల చూశాను. ఆవిడ నాలుగేళ్ల పనీ ఆ బీరువాల్ని నమ్మే చేశారు. పోయింది ఒక్క పేజీయే కాదని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

అయినా ఆవిడ లేచారు. కాయలున్న మూడు కొమ్మలు కోసి, ప్రెస్సులో పరిచారు. బెల్టు చివర్లు నా వైపు జరిపారు. నేను బిగించాను. కోసిన చోటు, వాగు, రాతినేల, ఎత్తు, తేదీ, ఆవిడే పుస్తకంలో రాసుకున్నారు. నన్ను రాయమనలేదు. తిరుపతమ్మకి మోపు ఖరీదుకి రెండింతలు ఇచ్చి, చేతులు పట్టుకుని, "వానలప్పుడు మళ్లీ వస్తాను, మీ ఇంటికే వస్తాను" అన్నారు.

"రా తల్లీ. ఈయన్ని తేమాక, నడవలేడు" అంది తిరుపతమ్మ.

మధ్యాహ్నం మూడింటికి వినుకొండలో గుంటూరు బస్సు దొరికింది. ఇద్దరికీ తిండి సహించలేదు, అరటిపళ్లు తిన్నాం. నరసరావుపేట దాకా ఆవిడ తన పుస్తకంలో పాత పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. ముందు సీట్లో ఒకాయన పత్తి ధర గురించి పక్కాయనతో గొడవపడుతూనే ఉన్నాడు. ఆ గొడవే నాకు కాస్త ఊరటగా ఉంది.

నరసరావుపేట దాటాక నేనే గొంతు సవరించుకున్నాను. "రేపే వచ్చి ఆ చీటీ ఊడదీసేస్తానమ్మా. గుర్తు కూడా లేకుండా తీస్తాను."

"తీయకూడదు" అన్నారు ఆవిడ వెంటనే. "షీటు మీద ఒకసారి అంటించిన చీటీ ఎప్పటికీ తీయకూడదండీ. తప్పైతే పక్కన ఇంకొకటి అంటిస్తారు. రెండూ ఉంటాయి. మీరు తీయడమే అసలు తప్పు."

ముప్ఫై ఏళ్లు ఆ బీరువాల తాళాలు నా మొలకున్నాయి. చీటీ తీయకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆవిడ బ్యాగులోంచి ఒక ఖాళీ చీటీ, పెన్ను తీసి ప్రెస్సు మీద పెట్టారు. "మీరే రాయండి. అదే చేతిరాత అయితే రేపు ఇంకెవరైనా చూసినా నమ్ముతారు."

"బస్సు ఊగుతోందమ్మా. ఇంటికెళ్లి నీటుగా రాసిస్తాను."

"నీటుగా వద్దు. ఇప్పుడు రాయండి."

రాశాను. "ఈ షీటు మీది ఊరు, తేదీ తప్పు. కొమ్మ కోసింది దోర్నాల ఘాటు రోడ్డు పక్కన, ఆగస్టు నెలలో. సంవత్సరం గుర్తు లేదు." ఫిరంగిపురం గుంతల్లో అక్షరాలు వంకర పోయాయి. కోసినవారు అన్నచోట ఆగాను. అక్కడ ఎప్పుడూ ఇంకెవరి పేరో రాయడమే నాకు అలవాటు.

"ఎవరు కోస్తే వాళ్ల పేరండీ" అన్నారు ఆవిడ కిటికీ బయటికి చూస్తూ.

షేక్ మస్తాన్ అని రాశాను. కొన్ని వేల చీటీలు రాసి ఉంటాను. నా పేరున్న మొదటి చీటీ అదే. అక్షరాలు అంత వికారంగా నేనెప్పుడూ రాయలేదు.

ఈ పొదను చూడాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. వినుకొండ కొండ మీద వెతకొద్దు, అక్కడ లేదు. బొల్లాపల్లి పైన కొండల మొదట్లో, వాగుల పక్కన ఉంది. కాయ కావాలంటే మాఘమాసంలో, పువ్వు కావాలంటే వానల్లో వెళ్లండి. ముందు కట్టెలమ్మే ఆడవాళ్లని అడగండి. బీరువాని తర్వాత అడగొచ్చు.

ఆరింటికి గుంటూరు బస్టాండులో దిగాం. ప్లాట్‌ఫారాల ముందు బస్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. నేను తల వంచుకుని నడుస్తున్నాను. పద్మజగారు మాత్రం బోర్డులు ఒక్కొక్కటే పైకి చదువుతూ నడిచారు. సత్తెనపల్లి. మాచర్ల. పొన్నూరు. దర్శి. పొదిలి. చివరి బస్సు దగ్గర ఆగి, ప్రెస్సు నా చేతుల్లోంచి తీసుకున్నారు.

"రేపు తొమ్మిదింటికి రండి మస్తాన్ గారూ. మొదటి బీరువా తెరుద్దాం."

"అన్నీ గుర్తుండవమ్మా."

"గుర్తున్నవి చెప్పండి. గుర్తులేనివాటి పక్కన గుర్తులేదని రాయండి. సంతకం పెట్టండి."

ఆటోలో ఇంటికొచ్చాను. మా ఆవిడ తలుపు తీసి నా మొహం చూసి, "చెప్పేశావా?" అంది. చెప్పేశానన్నాను. కాళ్లకి నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లింది.